చలి సరిహద్దులో కిటికీ సందు లెక్క

శ్రీనగర్ నుంచి లద్దాఖ్ వెళ్లే దారిలో జోజిలా కనుమ 11,575 అడుగుల ఎత్తున ఉంటుంది. ఒకప్పుడు నవంబరు చివర్లోనో డిసెంబరులోనో మంచు పడి మూసుకుపోతే మళ్లీ ఏప్రిల్, మే నెలల్లోనే తెరుచుకునేది. సరిహద్దు రహదారుల సంస్థ పుణ్యమా అని ఈ మధ్య ఆ మూసివేత నెల, రెండు నెలలకు తగ్గింది. అయినా సైన్యం తన లెక్క మార్చుకోలేదు. ఎండలు ముదిరింది మొదలు అక్టోబరు దాకా లారీల బారులు చలికాలానికి సరిపడా సరుకును పైకి మోస్తూనే ఉంటాయి. దీన్ని మేం అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటాం.

ఆ జాబితాలో తూటాల నుంచి టూత్‌పేస్టు దాకా అన్నీ ఉంటాయి. పై వరసలో ఉండేది కిరోసిన్. అట్టడుగున, ‘ఇతర సామగ్రి’ పద్దు కింద, ఒక ఏడాది ఉండి మరో ఏడాది కనబడకుండా పోయే వస్తువు ఒకటుంది. అది పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు. పాత బారక్‌ల కిటికీలకు చలికాలంలో బిగించే పల్చటి తెర. ఈ రెండు వస్తువులకు మధ్య ఉన్న సంబంధం గురించే ఈ వ్యాసం. క్షిపణుల గురించో యుద్ధ విమానాల గురించో చదువుదామని ఈ పేజీ తిప్పిన పాఠకులు ఇవాళ్టికి కాస్త ఓపిక పట్టాలి. నేను ఇంజినీర్స్ దళంలో పనిచేసినవాణ్ని. సైన్యం పోరాడే రోజులకంటే కాపలా కాస్తూ బతికే రోజులే ఎక్కువని, ఆ బతకడం సజావుగా సాగేలా చూసే పని మాదేనని డెహ్రాడూన్ అకాడమీలో మొదటి నెలలోనే మాకు నూరిపోశారు.

కిటికీ సమస్య ఎక్కడ మొదలైందో తెలియాలంటే 1999కి వెళ్లాలి. అంతకుముందు కార్గిల్, ద్రాస్ ప్రాంతాల్లోని ఎత్తైన పోస్టులు కొన్నింటిని చలికాలంలో ఖాళీ చేసి, మంచు కరిగాక తిరిగి ఎక్కేవాళ్లం. అటువైపు వాళ్లూ అంతే. ఆ అలవాటును ఆసరా చేసుకుని పాకిస్తాన్ సేనలు శిఖరాలు ఆక్రమించడం, ఆ తర్వాత జరిగిన యుద్ధం అందరికీ తెలిసిన చరిత్రే. యుద్ధం ముగియగానే లేహ్ కేంద్రంగా 14వ కోర్ ఏర్పడింది. 8వ మౌంటెన్ డివిజన్ ఆ ప్రాంతంలోనే స్థిరపడింది. ఏడాది పొడవునా కొండల మీదే ఉండాలన్నది నిర్ణయం. అంటే ఎండాకాలం మకాంకోసం కట్టిన గదుల్లో, రోడ్డు పక్క విడిది బారక్‌ల్లో మనుషులు జనవరి కూడా గడపాలి. పన్నెండు నెలలు ఉండమన్న ఉత్తర్వు ఒక్క రోజులో వచ్చింది. గదుల కిటికీలు మాత్రం పాతవే.

ద్రాస్ 10,800 అడుగుల ఎత్తులో ఉన్న చిన్న ఊరు. మనుషులు నివసించే ప్రదేశాల్లో ప్రపంచంలోనే రెండో అతి చల్లని చోటని ఊరి మొదట్లో బోర్డు పెట్టారు. సైబీరియా వాళ్లు ఒప్పుకుంటారో లేదో గానీ, జనవరి రాత్రి మైనస్ 20 డిగ్రీలు అక్కడ వింతేమీ కాదు. లేహ్‌లో జనవరి రాత్రుల సగటు కనిష్ఠం మైనస్ 14 దరిదాపుల్లో ఉంటుంది. మన లంబసింగిలో సున్నాకు దగ్గరైతే కార్లేసుకుని చూడ్డానికి వెళ్తాం. అక్కడ సున్నా డిగ్రీలంటే చలి విరిగిన రోజు.

పైగా లద్దాఖ్ గాలి ఎముకలా పొడి. మైదానాల్లో చేయించి లారీల్లో పైకి తెచ్చిన కిటికీ చట్రాలు అక్కడ రెండేళ్లలో తేమ కోల్పోయి కుంచించుకుపోతాయి. అతుకులు విడతాయి. అద్దం చుట్టూ పెట్టిన పుట్టీ ఎండి పెళుసై రాలిపోతుంది. పగలు ఎండ తగిలిన వైపు చెక్క వేడెక్కడం, రాత్రికి గడ్డకట్టడం, ఇలా రోజూ సాగుతుంటే తలుపు రెక్క మెలి తిరుగుతుంది. గొళ్లెం పడుతుంది గానీ పైమూల బయటికి తేలి ఉంటుంది. దాని నిండా సందులే.

మనవైపు కుర్రాళ్లకు ఈ సందుల సంగతి మొదట అర్థం కాదు. కోస్తాలో పుట్టినవాడికి కిటికీ అంటే గాలి ఆడడానికి. గదిలోకి రాగానే రెక్క తీయడం చేతికి అలవాటు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్ల నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చిన వాళ్లు మొదటి వారం రోజులు దుప్పట్లు తక్కువయ్యాయనే అనుకుంటారు. దుప్పటి ఒంటి వేడిని ఆపుతుంది. గది వేడి పోయే దారి వేరే ఉంటుంది.

ఆ దారి ఎంత పెద్దదో చిన్న లెక్క వేసి చూద్దాం. 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున్న కిటికీ తీసుకోండి. చుట్టుకొలత 14 అడుగులు, అంటే నాలుగు మీటర్ల పైచిలుకు. చట్రానికీ రెక్కకూ మధ్య చుట్టూ 2 మిల్లీమీటర్ల సందు ఉందనుకుందాం. అగ్గిపుల్ల మందమన్నమాట. మొత్తం కలిపితే 85 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. గోడకు పిడికిలి దూరేంత కన్నం పెట్టినట్టే. ఆరు కిటికీలున్న బారక్ అయితే జానెడు పొడవు, జానెడు వెడల్పున్న రంధ్రంతో సమానం. గోడకు అంత కన్నం కనబడితే ఏ సుబేదారైనా గంటలో మూయించేస్తాడు. అదే కన్నం ఆరు కిటికీల చుట్టూ సన్నని గీతలా పరుచుకుని ఉంటే ఎవరికీ పట్టదు.

సందులు లేకపోయినా అద్దం తన వంతు తీసుకుంటుంది. లోపల 15 డిగ్రీలు, బయట మైనస్ 20 ఉంటే, ఒంటి అద్దం చదరపు మీటరుకు దాదాపు 200 వాట్ల వేడిని బయటికి వదులుతుంది. అద్దానికి రెండు వేళ్ల ఎడంగా ప్లాస్టిక్ తెర బిగిస్తే మధ్యలో కదలని గాలి పొర ఒకటి ఏర్పడి, ఆ నష్టం ఇంచుమించు సగానికి తగ్గుతుంది. ఈ పని చేసేది ప్లాస్టిక్ కన్నా ఎక్కువగా దాని వెనక చిక్కిన గాలి. జంట అద్దాల కిటికీ సూత్రమూ ఇదే. అది వేల రూపాయల పని, ఇది వందల్లో తేలిపోయే పని.

ఇప్పుడు కిరోసిన్ లెక్క. బుఖారీ రోజుకు పది గంటలు వెలుగుతుందనుకుందాం. (బుఖారీ అంటే గది మధ్యలో పెట్టే రేకు పొయ్యి. చుక్క చుక్కగా కిరోసిన్ పడుతూ మండుతుంది. పొగ గొట్టం పైకప్పు దాటి బయటికి వెళ్తుంది.) తెర వల్ల ఒక్కో కిటికీ దగ్గర మిగిలే వేడి రోజుకు ఒక యూనిట్ పైచిలుకు. లీటరు కిరోసిన్‌లో పది యూనిట్ల వేడి ఉన్నా సగం గొట్టంలోంచి ఆకాశానికి పోతుంది కాబట్టి చేతికందేది అయిదే. ఆరు కిటికీల మీద రోజుకు లీటరుంబావు దాకా ఆదా. 150 రోజుల చలికాలానికి 200 లీటర్ల పీపా ఒకటి. ఇది అద్దం లెక్క మాత్రమే. సందుల్లోంచి పోయేది కలిపితే ఇంకా పెరుగుతుంది. ఇదంతా కాగితం మీద నేను వేసిన అంచనా. ఒక బారక్‌కూ మరో బారక్‌కూ తేడా ఉంటుంది.

ఒక్క పీపాయే కదా అనుకోవచ్చు. ఆ పీపా రోడ్డు మీద డిపోలో ఉన్నంతసేపూ ఒక్క పీపాయే. అక్కడి నుంచి పైపోస్టుకు పోవాలంటే 20 లీటర్ల జెర్రీక్యాన్లలోకి ఒంపాలి. కంచరగాడిద ఒక నడకకు రెండు మోస్తుంది. అంటే అయిదు నడకలు. గాడిద ఎక్కలేని చోట పోర్టర్లు వీపున మోస్తారు. వాళ్లలో చాలామంది లద్దాఖ్ పల్లెల యువకులు, ఇంట్లో పొలం పనులు వదిలి వచ్చినవాళ్లు. మంచుచరియలు విరిగిపడే దారుల్లో ఆ నడకల సంఖ్య తగ్గడమంటే ఏమిటో ఆ దారిన నడిచినవాళ్లకు చెప్పక్కర్లేదు. సియాచిన్‌లోనైతే చివరి మజిలీకి హెలికాప్టరే గతి. సరిహద్దులో ఇంధనం ధరను పెట్రోలు బంకు ధరతో కొలిచేవాళ్లకు ఈ విషయం అర్థం కాదు.

2002-03 చలికాలం నేను ద్రాస్ దగ్గర ఉన్నాను. మా దగ్గర కార్పెంటర్ ట్రేడు హవల్దారు ఒకాయన ఉండేవాడు, సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో. కిటికీ పని మొదలుపెట్టేముందు ఆయన జేబులోంచి అగరుబత్తి తీసి వెలిగించేవాడు. మొదటిసారి చూసి, పనికి ముందు దేవుడికి దండం పెట్టుకుంటున్నాడనుకున్నాను. ఆయన ఆ కడ్డీని కిటికీ చట్రం వెంబడి మెల్లగా కదుపుతూ పోయాడు. పొగ నిటారుగా లేచినంతసేపు ఏమీ అనలేదు. పొగ గిరుక్కున లోపలికి తిరిగిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టాడు. “చేతితో తడిమితే తెలీదు సార్. చేతులు అప్పటికే మొద్దుబారిపోయుంటాయి కదా,” అన్నాడు. కిటికీ కింది అంచుల్లో పొగ లోపలికి వంగేది, పై అంచుల్లో బయటికి పీల్చుకుపోయేది. వేడిగాలి పైకెక్కి పైసందులోంచి పోతుంటే, ఆ ఖాళీని నింపడానికి కింద నుంచి చలిగాలి వస్తుందని పుస్తకాల్లో చదివిన సంగతి ఆ రోజు కళ్లతో చూశాను.

ఆయన పని తీరు చెబుతాను. ఇంట్లో చలికి ఇబ్బందిపడే వాళ్లెవరికైనా, అమెరికాలో ఉంటున్న మన పిల్లలకైనా పనికొస్తుంది. ముందు పెద్ద సందుల్లో పాత కంబళి పీలికలు కూరేవాడు. రాలిన పుట్టీ మళ్లీ పెట్టించేవాడు. తెర ఎంత బాగున్నా వెనక సందు తెరిచి ఉంటే గాలికి అది గుమ్మడికాయలా ఉబ్బుతుంది. అలా ఉబ్బిందంటే పని మళ్లీ చేయాల్సిందే. తర్వాత షీటును చట్రం కంటే నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ కత్తిరించి, అంచును సన్నని చెక్క పట్టీకి రెండు చుట్లు చుట్టి, ఆ పట్టీని చిన్న మేకులతో చట్రానికి కొట్టేవాడు. షీటుకే నేరుగా మేకు కొడితే వారం తిరక్కుండా ఆ కన్నం దగ్గరే చిరుగుతుంది.

పాశ్చాత్య దేశాల్లో దీనికి తయారుగా కిట్లు అమ్ముతారు. రెండు వైపులా అంటుకునే టేపు, దానిమీద పల్చటి ఫిల్మ్, పైనుంచి జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి కొడితే ముడతలు పోయి అద్దంలా బిగుసుకుంటుంది. కరెంటున్న ఇంట్లో, గోరువెచ్చని గదిలో అది ముచ్చటైన పని. గడ్డకట్టిన చెక్క మీద ఆ టేపు అంటుకోదు. అందుకే సెప్టెంబరులో, చెక్క ఇంకా వెచ్చగా ఉండగానే అంటించాలి. మా దగ్గర మేకూ పట్టీ నమ్ముకున్నది అందుకే.

తెర లోపలి వైపు వేయాలా, బయట వేయాలా అన్నది పాత తగవు. బయట వేస్తే గాలికి రాత్రంతా టపటపలాడుతుంది, నిద్రపట్టదు, ఫిబ్రవరికల్లా చిరిగిపోతుంది. పైగా సెప్టెంబరు ఎండలో బిగుతుగా కొట్టిన పాలిథీన్ జనవరి చలికి మీటరుకు ఆరేడు మిల్లీమీటర్లు కుంచించుకుంటుంది. వదులు ఉంచకపోతే పట్టీల దగ్గర పీక్కుంటుంది. లోపల వేస్తే ఇంకో మేలు కూడా ఉంది. పన్నెండు మంది ఊపిరి, టీ కెటిల్ ఆవిరి అద్దాన్ని తాకి అక్కడే వేలెడు మందాన మంచుకడుతుంది. తెల్లారి ఎండకు కరిగి చట్రాన్ని నానబెడుతుంది. లోపలి తెర ఆ తేమను అద్దం దాకా పోనివ్వదు. నా ఓటు లోపలికే.

మామూలు పాలిథీన్ కూడా పనికిరాదు. లద్దాఖ్‌లో ఏడాదికి 300 రోజులకు పైగా ఎండ కాస్తుంది. ఆ ఎత్తున అతినీలలోహిత కిరణాల తాకిడి ఎక్కువ. కూరగాయల గ్రీన్‌హౌస్‌లకు వాడే, ఆ కిరణాలను తట్టుకునే మందపాటి షీటు అయితే కొన్నేళ్లు ఆగుతుంది. మామూలుది ఒక్క చలికాలానికే పెళుసై, నలిపితే పొడి అవుతుంది. ఆ ముక్కలు కొండల మీద ఎగురుతూ ఎక్కడో ఏటి గట్టున తేలుతాయి. లేహ్‌లో మహిళా సంఘాలు 1990ల్లోనే ప్లాస్టిక్ సంచులను తరిమికొట్టాయి. ఆ నేల మీద చెత్త వదిలిపెట్టే హక్కు మనకు లేదు. ఎన్ని మీటర్లు పైకి వెళ్లాయో అన్ని మీటర్లు కిందికి రావాలని లెక్క రాయించేవాణ్ని.

నిజానికి ఈ విద్యలో లద్దాఖ్ వాళ్లే మనకు గురువులు. పాత ఇళ్లు చూడండి. ఉత్తరం వైపు గోడకు కిటికీ దాదాపు ఉండదు. ఉన్నా గూడంత. దక్షిణం వైపే పెద్ద కిటికీలు. చలికాలం రాగానే ఆ వైపు అద్దాల గదో, పారదర్శక ప్లాస్టిక్ కట్టిన వరండానో ఏర్పాటు చేసుకుని కుటుంబమంతా పగలు అక్కడే గడుపుతుంది. లేహ్ పక్కన ఫే గ్రామంలో సెక్‌మోల్ విద్యాకేంద్రం వాళ్లు మట్టిగోడల భవనాల దక్షిణ ముఖానికి చలికాలంలో గ్రీన్‌హౌస్ షీటు దించి, ఎండాకాలంలో చుట్టేస్తారు. పగటి ఎండను పట్టి ఉంచే పని అంతా గోడా, తెరా కలిసి చేస్తాయి. మన పాత బారక్‌లు మాత్రం ఎక్కడో గీసిన ఒకే నమూనా ప్రకారం, రోడ్డుకు అభిముఖంగా వరసలో నిలబడ్డాయి. సూర్యుడు ఏ వైపు వస్తాడో గీసినవాళ్లు అడిగినట్టు లేదు. అందుకే కిటికీలన్నిటికీ ఒకే మందు వేయకూడదు. దక్షిణం కిటికీకి పారదర్శక తెర, రాత్రికి దానిమీద కంబళి. ఉత్తరం కిటికీకి తెరా కంబళీ రెండూ, చలికాలమంతా. చాలాచోట్ల అన్ని కిటికీలకూ పగలూ రాత్రీ కంబళ్లు వేలాడదీసి, వచ్చే ఎండను కూడా బయటే ఆపేసి, గదిలో దీపం పెట్టుకుని కూర్చోవడం చూశాను.

ఇక్కడిదాకా చదివి సందులన్నీ మూసేయడమే పరిష్కారమనుకుంటే ప్రమాదం. ఆ చలికాలంలోనే మరో యూనిట్‌లో జరిగిన ఒక మరణంపై వేసిన విచారణలో ఇంజినీరు అధికారిగా నన్నూ కూర్చోబెట్టారు. నలుగురు పడుకునే గది. తెల్లవారుజామున నాలుగింటికి సెంట్రీ మార్పిడికి తలుపు తట్టిన జవాను, లోపల ఎవరూ పలక్కపోతే తోసుకుని వెళ్లాడు. ముగ్గురిని బయటికి ఈడ్చి ఆక్సిజన్ పెడితే తేరుకున్నారు. నాలుగో కుర్రాడు లేవలేదు. ఇరవై నాలుగేళ్లు.

ఆ గదిని నేను అంగుళం అంగుళం చూశాను. కిటికీ తెర పని తప్పు పట్టలేనంత బాగుంది. తలుపు కింద కంబళి మడత పెట్టారు. పొగ గొట్టం అతుకు ఒకచోట జారి ఉంది. బుఖారీ వెనక గోడకు, నేలకు జానెడు ఎత్తున, గాలి రావడానికి వదిలిన రంధ్రంలో పాత ఉన్ని మేజోడు కుక్కి ఉంది. అందులోంచి చలిగాలి వస్తోందని ఎవరో కుక్కారు. రాత్రి బుఖారీ ఆర్పి పడుకోవాలన్న నియమం ఉంది. మైనస్ 24లో ఆ రాత్రి ఆర్పలేదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్‌కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పదకొండు వేల అడుగుల ఎత్తులో గాలిలో ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఉన్న కాస్తనూ ఇది లాక్కుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, మత్తు దీని మొదటి లక్షణాలు. కొండెక్కిన కొత్తలో ఎవరికైనా అవే లక్షణాలుంటాయి. అందువల్ల ‘ఎత్తు పడలేదు, పడుకుంటే తగ్గుతుంది’ అనుకుని అదే గదిలో పడుకుంటారు. విచారణలో తేరుకున్న ముగ్గురూ సరిగ్గా ఇదే చెప్పారు, సాయంత్రం నుంచీ తల పోటుగా ఉందని.

ఆ తర్వాత నా కింద పనిచేసిన ప్రతి యూనిట్‌లో తెర బిగించే పని, గాలి రంధ్రం చూసే పని ఒకే మనిషికి అప్పగించాను. ఒకే కాగితం మీద ఇద్దరు సంతకం చేయాలి, బిగించినవాడూ గదిలో పడుకునేవాళ్లలో సీనియరూ. బుఖారీ గదికి కింద ఒక రంధ్రం, పైన ఒక రంధ్రం. వాటికి ఇనుప జాలీ, చేత్తో ఏమీ కుక్కలేనట్టుగా. రంధ్రంలోంచి వచ్చే చలిగాలి నేరుగా మంచం మీద పడితే ఎవడైనా కుక్కుతాడు, అది మనిషి నైజం. అందుకే రంధ్రం బుఖారీ వెనకే పెట్టించేవాణ్ని, వచ్చిన గాలి ముందు పొయ్యికి తగిలేలా. బుఖారీకి నాలుగడుగుల లోపు కిటికీ ఉంటే దానికి ప్లాస్టిక్ వద్దు, మంట అంటుకుంటే క్షణాల్లో పైకప్పుకు పాకుతుంది. బారక్‌కు ఒక కిటికీ తెరవడానికి వీలుగా వదిలేయాలి. అగ్నిప్రమాదంలో తలుపు వైపు దారి మూసుకుపోతే అదే దిక్కు.

పరిస్థితి అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మందిని పోగొట్టుకున్నాం. ఆ ఏడు చలికాలానికి తూర్పు లద్దాఖ్‌లో దాదాపు 50 వేల మంది అదనపు బలగాలు నిలవాల్సి వచ్చింది. కొద్ది నెలల్లోనే విద్యుత్తు, నీరు, వెచ్చదనం ఉన్న ఆధునిక శిబిరాలు లేచాయి. ఇంజినీరుగా చెబుతున్నాను, అది మామూలు ఘనత కాదు. డీఆర్‌డీవో పొగ ప్రమాదం లేని ‘హిమ్ తాపక్’ అనే హీటర్ రూపొందించింది. 2021 ఫిబ్రవరిలో లద్దాఖ్ ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ పదిమంది జవాన్లు పడుకోగల సౌర గుడారం చూపించి, బయట మైనస్ 14 ఉన్న రాత్రి లోపల 15 డిగ్రీలు ఉందని ప్రకటించారు.

అయితే కొత్త శిబిరాలు పేపర్లో ఫొటోలకెక్కినంత వేగంగా పాత బారక్‌లు కూలవు. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక అత్యున్నత ప్రాంతాల్లో సైనికుల దుస్తులు, ఆహారం, వసతి మీద చేసిన తనిఖీది. వసతి మెరుగుపరిచే ప్రయోగాత్మక ప్రాజెక్టు సరైన ప్రణాళిక లేకుండా సాగిందని, రూ.270 కోట్లకు పైగా ఖర్చు చేసినా ఫలితం రాలేదని అందులో రాశారు. ఆ నివేదిక వచ్చినప్పుడు టీవీల్లో మంచు కళ్లద్దాల గురించి, బూట్ల గురించి చర్చ జరిగింది. గదుల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. కొత్త భవనం అనుమతికి ఏళ్లు పడుతుంది. ఈ లోపల ప్రతి ఏడాదీ ఒక జనవరి వస్తుంది.

ఇది సైన్యం ఒక్కదాని బాధా కాదు. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల చిల్లై కలాన్ మొదలయ్యేసరికి కశ్మీర్ లోయలో కిటికీలకు పాలిథీన్ షీట్లు తగిలిస్తారు. లోపల కాంగ్డీలు, గ్యాస్ హీటర్లు ఉంటాయి, ఊపిరాడక ప్రాణాలు పోయిన వార్తలూ ప్రతి చలికాలం వస్తాయి. యుద్ధాల్లో అద్దాలు పగిలిన కాబూల్ ఇళ్లలో ప్లాస్టిక్ తెర దశాబ్దాలుగా శాశ్వత కిటికీ అయిపోయింది. నియంత్రణ రేఖ వెంబడి ఫిరంగి గుళ్లు పడే గ్రామాల్లో మొదట పోయేది కిటికీ అద్దమే. పేలుడు అదటుకు ఎగిరే అద్దం పెంకులు చేసే గాయాలు చూసినవాణ్ని గనుక, ఆ ఊళ్లకు పంపే సహాయ సామగ్రిలో బియ్యం, కంబళ్లతో పాటు గ్రీన్‌హౌస్ షీటు చుట్టలు ఎందుకుండవో నాకు అర్థం కాదు. రోడ్డు తెరుచుకుని కొత్త అద్దం వచ్చేదాకా ఆ ఇంటిని అది కాపాడుతుంది.

నేను కోరేది పెద్ద బడ్జెట్టేమీ కాదు. కిటికీ షీటు, చెక్కపట్టీలు, రంధ్రానికి జాలీ, చలికి పనిచేసే లిథియం బ్యాటరీతో కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఈ నాలుగూ విడివిడిగా ‘ఇతర సామగ్రి’లో కాకుండా ఒకే పెట్టెగా, గదుల సంఖ్యను బట్టి వింటర్ స్టాకింగ్ జాబితాలో చేరాలి. షీటు వచ్చి అలారం రాకపోతే ఆ పెట్టె తీసుకోకూడదు. పని సెప్టెంబరు నెలాఖరుకు ముగియాలి. కమాండింగ్ అధికారి తనిఖీ పుస్తకంలో ఆయుధాల శుభ్రత పక్కనే దీనికీ ఒక గడి ఉండాలి. నాకు తెలిసిన కొందరు కమాండర్లు ఇవన్నీ తమంతట తాము చేయిస్తున్నారు. వాళ్లు బదిలీ అయి వెళ్లిన మరుసటి చలికాలం ఏమవుతుందన్నదే నా సందేహం.

హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్ తవ్వుతున్న 13 కిలోమీటర్ల జోజిలా సొరంగం పూర్తయితే ఈ లెక్కలతో పని ఉండదని ఒక మిత్రుడు వాదించాడు. 2025 జనవరిలో తెరుచుకున్న సోన్‌మార్గ్ సొరంగం, దాని తర్వాత ఇది, రెండూ కలిస్తే ఏడాదంతా ట్యాంకర్లు ద్రాస్ చేరతాయి. నిజమే, చేరాలి. కానీ ట్యాంకరు ఆగేది రోడ్డు మీద. అక్కడి నుంచి పైపోస్టుకు నేను ఉన్న రోజుల్లో ఎండాకాలంలో నాలుగు గంటల నడక, మంచులో ఎనిమిది గంటలు. ఆ దారి కింద ఎవరూ సొరంగం తవ్వడం లేదు.